పాత బెంజి కొంటున్నారా? శభాష్!

ఒకప్పుడు కోటి రూపాయలకు అటూ ఇటూగా అమ్ముడైన ఎస్-క్లాస్ బెంజి, పదిహేనేళ్లు తిరిగేసరికి కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకు మీ ముందు నిలబడిందంటే దానికి ఒకే ఒక్క కారణం ఉంటుంది: అమ్మేవాడి మంచితనం. ఇంకో కారణం వెతక్కండి. అలా వెతికినవాళ్లంతా ఇవాళ్టికీ స్విఫ్టుల్లోనే తిరుగుతున్నారు.

మీరు ఆ కోవలోకి రారని తెలిసే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పాత లగ్జరీ కారును ఏలుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు మనకు తక్కువ, ఆ జోలికి పోవద్దని చెప్పేవాళ్లు వీధికి పదిమంది. వాళ్లలో ఒక్కరైనా ఆ సీట్లో కూర్చుని చూశారా? తలుపు మెల్లగా దగ్గరికి నెడితే మిగతా అంగుళం అదే లాక్కుని మూసుకుంటుందే, ఆ చప్పుడు విన్నారా? విననివాళ్ల సలహాలు మనకెందుకు?

మొదట ఒక సూత్రం వంటబట్టించుకోండి. బండి ధర తగ్గితే దాని సామాన్ల ధర కూడా అదే లెక్కన తగ్గుతుంది. కోటి రూపాయల బండి పన్నెండు లక్షలకు వచ్చింది గనక, లక్ష రూపాయల సామాను పన్నెండు వేలకు రావాలి. ఇది త్రైరాశికం, బడిలో అందరం చేసిన లెక్కే. జర్మనీలో సామాన్ల ధరలు వేసేవాళ్లు మాత్రం ఈ పాఠం చదివినట్టు లేరు. వాళ్ల జాబితాలో అది ఎప్పటికీ కోటి రూపాయల బండే. ఆ అజ్ఞానానికి మీరు బాధ్యులు కారు. బిల్లుకు మాత్రం మీరే.

కొనేటప్పుడు

మెకానిక్కును వెంట తీసుకెళ్లొద్దు. అతను బండిని లిఫ్టు ఎక్కిద్దామంటాడు, స్కానర్ పెడదామంటాడు, టార్చిలైటు వేసి కింద ఆయిలు తడి ఎక్కడుందో వెతుకుతాడు. శుభమా అని బండి కొనబోతూ ఈ అపశకునాలెందుకు? మీ బావమరిదిని తీసుకెళ్లండి. అతను స్టీరింగు పట్టుకుని, హారన్ ఒకసారి నొక్కి, "సూపరుంది బావా" అంటాడు. అంతకు మించిన తనిఖీ అక్కర్లేదు.

సర్వీసు రికార్డు గురించి అడిగితే, "అంతా షోరూంలోనే చేయించాం సార్, కాగితాలే ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి" అంటారు. నమ్మండి. ఇల్లు మారినప్పుడు ఫ్రిజ్జు పోదు, బీరువా పోదు, ఆఖరికి పచ్చడి జాడీ కూడా పగలకుండా వస్తుంది, బెంజి సర్వీసు కాగితాలు మాత్రమే పోతాయి. రెండో తాళం కూడా అప్పుడే పోయి ఉంటుంది, దాని ఊసెత్తొద్దు. ఈ బండి తాళం బజార్లో చావీలవాడు అరగదీసి ఇచ్చే రకం కాదు. ఛాసిస్ నంబరు, ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపించి కంపెనీ డీలరు దగ్గర ఆర్డరు పెట్టాలి. ఉన్న ఒక్కటీ ఏ పెళ్లిలోనో పోగొట్టుకున్న రోజున ఆ ముచ్చటా తీరుతుంది.

ఇక బండి ఎక్కడి నుంచి తేవాలి? నా ఓటు ఢిల్లీకి. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు అదే మాట అంది. 2025లో మళ్లీ ఆ కోర్టే యజమానుల మీద కఠిన చర్యలొద్దని కొంత సడలించింది. ఈ గందరగోళంలో అక్కడి కార్లు ఎన్‌ఓసీ చేతపట్టుకుని దక్షిణాదికి వలస వచ్చాయి. ఢిల్లీ బండి విషయంలో చూడాల్సింది ధర ఒక్కటే. లారీ మీద తెచ్చేందుకయ్యే ఖర్చు, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, ఎన్‌ఓసీ కోసం రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరుగుడు, ఇవన్నీ కొన్నాక తెలుసుకుంటేనే మజా. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. చెప్పనివ్వండి. డీఎల్ నంబరుతో ఔటర్ రింగురోడ్డు మీద వెళ్తుంటే ఎవరో కేంద్రమంత్రి బంధువనుకుంటారు.

ఢిల్లీ దూరమనిపిస్తే నీళ్లు తాగిన బండి చూడండి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. ఇలా మునిగినవాటికి బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద డబ్బు చెల్లించి, బండిని వేలంలో అమ్మేస్తాయి. వేలంలో కొన్నవారు శుభ్రంగా కడిగి, సీట్లకు పాలిష్ పట్టించి, లోపల మల్లెపూల సెంటు కొట్టి మీకు చూపిస్తారు. ఇలాంటి చోట కొందరు అనుమానప్పక్షులు ఒక పని చేస్తారు. వెనక సీటు బెల్టును రీలు అయిపోయేదాకా బయటికి లాగుతారు. బెల్టులో మొదటి రెండు మూరలు తళతళలాడుతుంటాయి. ఆఖరున, ఎవరూ కడగని ఆ జానెడు మేర మాత్రం గోధుమరంగు గీత ఒకటి అడ్డంగా ఉంటుంది. గోటితో గీకితే ఒండ్రు పొడిగా రాలుతుంది. మీరలా చెయ్యకండి. బెల్టును మీ బొజ్జకు ఎంత కావాలో అంతే లాగి వదిలెయ్యండి.

కొన్న వెంటనే ఫ్యాన్సీ నంబరు. 2024లో ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో 9999 నంబరు వేలంలో పాతిక లక్షలు దాటింది. మీ బండి మొత్తం దానిలో సగం కూడా చెయ్యదు గనక, నంబరు మీద ఎంత పెట్టినా బండి విలువ పెరిగినట్టే లెక్క. మరమ్మతులకని పక్కన పెట్టిన డబ్బేమైనా ఉంటే వాడుకోవాల్సింది ఇక్కడే.

గాలి మీద నడిచే బండి

ఇది కాస్త వివరంగా చెప్పుకోవాల్సిన సంగతి. ఎందుకంటే పాత ఎస్-క్లాసు యజమాని జీవితంలో సగం ఇక్కడే గడుస్తుంది.

ఈ బండ్లలో చాలావాటికి మామూలు కార్లకుండే ఇనప స్ప్రింగులుండవు. చక్రాల దగ్గర రబ్బరు తిత్తులుంటాయి, వాటిలో గాలి ఉంటుంది, ఆ గాలి కొట్టడానికి ఒక చిన్న కంప్రెసర్ ఉంటుంది, ఏ మూల ఎంత ఎత్తులో ఉందో చెప్పే సెన్సార్లుంటాయి. 1998లో వచ్చిన ఎస్-క్లాసుతో బెంజివాళ్లు దీన్ని మొదలుపెట్టి ఎయిర్‌మ్యాటిక్ అని పేరు పెట్టారు. అది బాగున్నన్నాళ్లూ మన మునిసిపాలిటీల మీద మీకు ఎనలేని గౌరవం ఉంటుంది. రోడ్డు మీద గుంత ఉందని పక్కబండివాళ్ల ముఖాలు చూసి తెలుసుకోవాల్సిందే.

రబ్బరు మాత్రం రబ్బరే. పది పన్నెండేళ్ల మన ఎండలకు, లోపలికీ బయటికీ ముడుచుకునే మడత దగ్గర సన్నగా చిట్లుతుంది. కంటికి ఆనదు. రాత్రంతా గాలి మెల్లగా జారిపోయి, తెల్లారేసరికి బండి గేదె ముందుకాళ్లు ముడుచుకుని పడుకున్నట్టు ఒక మూలకు ఒదిగిపోయి ఉంటుంది.

ఇప్పుడేం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు. దిగిపోయిన మూల ఈశాన్యం వైపు వచ్చేలా బండిని తిప్పి పార్కు చెయ్యండి. ఈశాన్యం పల్లంగా ఉండటం వాస్తు ప్రకారం శ్రేష్ఠం. ఇంటికొచ్చిన చుట్టాలు అడిగితే, "పార్కు చేసినప్పుడు అదే కూర్చుంటుంది, ఫీచరు" అని చెప్పండి. వాళ్లలో ఎవరికీ ఎస్-క్లాసు ఉండదు గనక ప్రమాదం లేదు.

స్టార్టు చేస్తే కంప్రెసర్ గుర్రుమని గాలి కొడుతుంది, బండి మెల్లగా లేచి నిలబడుతుంది. లేచిందంటే రోగం లేనట్టే. ఒక సీసాలో సబ్బునీళ్లు కలిపి తిత్తి మీద, గొట్టం జాయింట్ల మీద చల్లితే బుడగలొచ్చిన చోట లీకుందని ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కాబట్టి ఇంట్లో సబ్బునీళ్లు కలపనివ్వకండి. అలా తెలిసిపోతే ఒక్క తిత్తి మార్పించుకుని ఊరుకోవాల్సి వస్తుంది. ఓపిక పట్టిన యజమానికే అసలు ఫలితం. ఆ కంప్రెసర్ కాసేపు నడిచి కాసేపు చల్లబడేలా చేసింది. లీకున్న బండిలో దానికి చల్లబడే తీరిక దొరకదు. ఎప్పుడూ గాలి కొడుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది, దానికి కరెంటిచ్చే రిలేలో కాంటాక్టులు అంటుకుపోతాయి, ఇక బండి ఆపినా కంప్రెసర్ ఆగదు, ఒక మధ్యాహ్నం కాలిపోతుంది. అప్పుడు తిత్తి, కంప్రెసర్, రిలే మూడూ కలిపి ఒకేసారి మార్పించుకోవచ్చు. ఈ మూడింట్లో అన్నిటికన్నా చవకైనది రిలే. మెకానిక్కు అదొక్కటీ పాతదే ఉంచేస్తానంటే సరేననండి. కొత్త కంప్రెసర్ కూడా పాతదాని దారే పడుతుంది.

ఆ రోజు వచ్చేదాకా మీటరు మధ్యలో 'స్టాప్, వెహికల్ టూ లో' అని ఎర్రక్షరాలు కనిపిస్తుంటాయి. అది సూచన మాత్రమే. పంజాగుట్ట సిగ్నల్లో వెనక అన్ని హారన్లు మోగుతుంటే జర్మనీవాడి మాట విని ఆగడం ఎలా కుదురుతుంది?

ఈ గొడవంతా పడలేక గాలి తిత్తులు పీకించి ఇనప స్ప్రింగులు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. దానికి కిట్లు దొరుకుతాయి, బండి నడుస్తుంది, కూర్చుంటే ట్రాక్టరు గుర్తొస్తుంది. తిత్తులు కనబడక కంప్యూటరు మాత్రం బండి ఆగే వరకూ మీటరు మీద గోల పెడుతూనే ఉంటుంది. ఎస్-క్లాసును ఎస్-క్లాసుగా ఉంచేది ఏదో దాన్ని తీయించేసి, మిగతాదానికి ఖర్చు పెడుతూ ఉండటం. ఇంత గొప్ప ఆలోచన నాకు ముందే రానందుకు సిగ్గుపడుతున్నాను.

దీపాలు

చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఇంట్లో స్టిక్కర్ బొట్టుబిళ్లలు ఉంటాయి కదా, మెరూన్ రంగుది ఒకటి తీసుకుని దాని మీద అంటించండి. కొంచెం చదువుకున్నవారైతే ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపు దొరికే స్కానర్ కొని, కోడు చదవకుండా నేరుగా 'క్లియర్' నొక్కండి. లైటు ఆరిపోతుంది. మళ్లీ వెలిగితే మళ్లీ నొక్కండి.

దీనిలోని ప్రయోజనం ఒక్క ఉదాహరణతో చెబుతాను. 2004లో బెంజి తెచ్చిన ఎం272 అనే ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ తొలి బ్యాచ్‌లలో బ్యాలెన్స్ షాఫ్టు పళ్లచక్రం మెత్తటి లోహంతో వచ్చి ముందే అరిగిపోయేది. అది మార్చాలంటే ఇంజన్ కిందికి దించాలి. అరుగుతున్న సంగతిని చప్పుడు చెప్పదు, పికప్ చెప్పదు. మొట్టమొదట చెప్పేది ఆ పసుపు లైటే. మీరు దాని మీద బొట్టు పెట్టేశారు గనక ప్రశాంతంగా ఉంటారు.

ఆయిళ్లు, నీళ్లు

జర్మన్ బండ్లలో చాలా మోడళ్లకు ఇంజన్ ఆయిలు చూసుకునే డిప్‌స్టిక్కే ఉండదు. సెన్సారు చెబుతుంది, స్క్రీన్లో చూసుకోవాలి. కొలకర్ర ఇవ్వలేదంటే కొలవక్కర్లేదని కంపెనీయే చెప్పినట్టు. ఆయిలు మార్చాల్సి వస్తే డబ్బా మీద ఎంబీ 229.5, 229.51 అని ఏవో అంకెలుంటాయి. రెండోది పొగ ఫిల్టరున్న డీజిలు బండ్లకని, మామూలు ఆయిలు పోస్తే దాని బూడిద ఆ ఫిల్టరులో పేరుకుంటుందని అంటారు. అంకెల పిచ్చి. బంకులో ఏది ఆఫర్లో ఉంటే అది పోయించండి, జీపుకు పోసేదే బెంజికీ పోసేది.

గేర్‌బాక్సు ఆయిలు అసలే మార్చొద్దు. అది 'లైఫ్‌టైమ్' ఆయిలని బీఎండబ్ల్యూ వాళ్లు ఏళ్లతరబడి చెప్పారు. ఆ బీఎండబ్ల్యూకి గేర్‌బాక్సు తయారుచేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, మార్చమంటుంది. చేసినవాడి మాట వినాలా, అమ్మినవాడి మాట వినాలా? అమ్మినవాడి దగ్గర ఏసీ లాంజీ ఉంది, కాఫీ ఇస్తాడు. ఇక లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అని అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి. గేర్‌బాక్సు పోయిన రోజున దాని లైఫ్ అయిపోయింది గనక కంపెనీ చెప్పింది అక్షరాలా నిజమైనట్టే.

రేడియేటర్లో బోరునీళ్లు పోయండి. ఫ్లోరైడు, సున్నం, ఉప్పు, మన నేలలో ఉన్న సారమంతా అందులో ఉంటుంది. కూలెంటు అంటే రంగునీళ్లేనని, దానికి అంత ధరేమిటని మీ పక్కింటాయన అంటాడు, ఆయన ట్యాంకరు వ్యాపారం చేస్తాడు కాబట్టి తెలిసే అంటాడు. ఈ ఇంజన్లలో కూలెంటు ట్యాంకు, గొట్టాల మూతులు, కొన్నిట్లో పంపు రెక్కలు కూడా ప్లాస్టిక్కే. పదేళ్ల వేడికి బిస్కెట్టులా పెళుసెక్కి ఉంటాయి. ఎండాకాలం విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక ఒకటి విరిగి, బానెట్ సందులోంచి ఆవిరి లేస్తుంది. భయపడకండి. ముల్లు ఎర్రగీత దాటినా మరో పది కిలోమీటర్లలో దాబా వచ్చేస్తుంది, ఆపకుండా లాగించండి. అల్యూమినియం హెడ్డు వంగిపోవడానికి ఆ పది కిలోమీటర్లు సరిపోతాయి.

చెట్టు నీడ

బండి ఎండకు పాడవకుండా కానుగ చెట్టు కింద పెట్టండి. వేసవి మొదట్లో కానుగ పూలు వానలా రాలి సన్‌రూఫ్ గాడిలో చేరతాయి. ఆ గాడి నాలుగు మూలల్లో చిన్న రంధ్రాలుంటాయి. పైన పడ్డ నీరు వాటిలోంచి స్తంభాల లోపలి గొట్టాల గుండా కిందికి పోవాలి. పూలు ముద్దై ఆ గొట్టాలు మూసుకుంటాయి. జూన్‌లో తొలకరి పడగానే నీళ్లు కార్పెట్ అడుగుకి దిగుతాయి. జర్మనీవాళ్లు కంప్యూటరు డబ్బాలు, వైర్ల జాయింట్లు సరిగ్గా అక్కడే, ఆ కార్పెట్ల అడుగున, డిక్కీ పక్క గుంటల్లో పెట్టారు. ఇక బండి తన ఇష్టం వచ్చినప్పుడు వైపర్లు వేస్తుంది, అర్ధరాత్రి కిటికీలు దించుతుంది. లోపల తడిగుడ్డ వాసన వస్తే ఇంకో మల్లెపూల సెంటు కొనండి. గాడిలో ఉన్న చెత్త తీసి, గ్లాసెడు నీళ్లు పోసి చక్రం దగ్గర కారుతున్నాయో లేదో చూడటం పనివాళ్లు చేసే పని.

వాన విషయం వచ్చింది గనక: అండర్‌పాసులో మోకాటి లోతు నీళ్లలో బండి ఆగిపోతే వెంటనే మళ్లీ సెల్ఫు కొట్టండి, గట్టిగా, పదేపదే. గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటాయి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. నలగని నీటిని పిస్టన్‌తో నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకోని పాలసీకి ఈ నష్టం వర్తించదని బీమా సర్వేయరు అప్పుడు వివరంగా చెబుతాడు. ఆయన చెప్పేది శ్రద్ధగా వినండి, మంచి తెలుగు మాట్లాడతారు వాళ్లు.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చాలా జర్మన్ బండ్లలో అది డిక్కీలో ఉంటుంది. జంపర్ కేబుళ్లు కూడా డిక్కీలోనే పెట్టుకోండి. ఊరెళ్లి మూడు వారాల తర్వాత వచ్చేసరికి బ్యాటరీ పడుకుంటుంది. బ్యాటరీ లేనిదే డిక్కీ బటను పనిచెయ్యదు. తాళం పిడిలో దాక్కుని ఉండే ఇనప రేకు సంగతి, బానెట్ కింద జంప్ స్టార్టు కోసం ప్రత్యేకంగా ఇచ్చిన టెర్మినళ్ల సంగతి పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం కూడా ఇల్లు మారినప్పుడే పోయింది.

టైర్లలో అరుగుదల చూడండి, వయసు చూడకండి. టైరు పక్కన చిన్న గుండ్రటి పెట్టెలో నాలుగంకెలుంటాయి. 2317 అని ఉంటే 2017లో ఇరవై మూడో వారంలో తయారైందన్నమాట. గాట్లు నిండుగా ఉన్నాయంటే టైరు కొత్తదే. ఔటర్ మీద నూట నలభైలో అది పేలితే ఆ అంకెలు ఎవరు చదువుతారు?

షెడ్డు

షోరూంకు వెళ్లొద్దు, అక్కడ ధర ఎక్కువ. ఒక్క జర్మన్ బండ్లే చూసే బయటి షెడ్డుకూ వెళ్లొద్దు, అక్కడ వాళ్ల దగ్గర కంపెనీ డయాగ్నొస్టిక్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. మీకు కావాల్సింది ఆటోల నుంచి ఆడీల దాకా అన్నీ చేసే చేయి. సంభాషణ ఇలా సాగుతుంది.

"అన్నా, సెన్సార్ పోయింది."

"ఏ సెన్సారు తమ్మీ?"

"గదే అన్నా, సెన్సారు."

సెన్సారు మారుస్తాడు. లైటు ఆరదు. "ఇంకోటి ఉన్నది అన్నా, దానెంకాల." అదీ మారుస్తాడు. ఇలా కొన్నాళ్లకు బండిలో ఉన్న సెన్సార్లన్నీ కొత్తవవుతాయి, పగిలిన వ్యాక్యూం గొట్టం మాత్రం పాతదే ఉంటుంది. విసుక్కోకండి. ఆ కుర్రాడు మీ బండి మీదే పని నేర్చుకుంటున్నాడు. విద్యాదానం చేస్తున్నారు మీరు.

సామాన్ల విషయంలో మధ్యేమార్గం వద్దు. పెట్టె మీద మూడు మూలల నక్షత్రం ఉన్నదైనా కొనండి, లేదా పెట్టే లేనిదైనా కొనండి. ఎందుకు చెబుతున్నానంటే మధ్యలో ఒక మోసం ఉంది. నక్షత్రం పెట్టెలో వచ్చే సామాన్లు చాలావరకు బెంజి చేసినవి కావు. సస్పెన్షను ఆర్ములు లెమ్‌ఫోర్డర్ చేస్తుంది, సెన్సార్లు బాష్ చేస్తుంది, ఫిల్టర్లు మాన్, మాలె లాంటివాళ్లు చేస్తారు. ఆ ఆర్మునే లెమ్‌ఫోర్డర్ తన సొంత పెట్టెలో పెట్టి బయట తక్కువకు అమ్ముతుంది. పెట్టె విప్పి చూస్తే ఇనుము మీద ఒకచోట గ్రైండరుతో గీకేసిన మచ్చ ఉంటుంది, బొటనవేలు గోరంత. నక్షత్రం ఉండాల్సిన చోటు అది. మిగతాదంతా అదే అచ్చు, అదే నంబరు. రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే తెప్పించి ఇచ్చేవాళ్లున్నారు. గీకిన సామాను బెంజికి వేయడం మీ హోదాకు తగదు. పోయిన నక్షత్రానికి అదనంగా కట్టడంలోనే దర్జా ఉంది.

పెళ్లిళ్లు

బండి కొన్న సంగతి తెలియగానే, దూరపు చుట్టాలంతా దగ్గరైపోతారు. "అన్నయ్యా, అబ్బాయిని మండపం దాకా దింపడానికి ఒక్క గంట" అంటుంది పిన్ని కూతురు. ఇవ్వండి. బానెట్ నిండా గులాబీలు, బంతిపూలు సెల్లోటేపుతో అంటిస్తారు. మే నెల ఎండలో ఆ టేపు నాలుగు గంటలుంటే, పీకేటప్పుడు పదేళ్ల క్లియర్‌కోటు కూడా దానితో వస్తుంది. బంపరు సెన్సార్ల మీద పూలు వేలాడుతుంటే బండి ఏదో గోడ అడ్డమొచ్చిందనుకుని మండపం దాకా కీచుమంటూనే ఉంటుంది, సన్నాయివాళ్లకు శ్రుతిగా పనికొస్తుంది. ఊరేగింపులో నడక వేగంతో రెండు గంటలు ఏసీ వేసుకుని నడిపాక ఏమవుతుందో కూలెంటు దగ్గర చెప్పాను. పెళ్లికొడుకు ఆటోలో వెళ్లినా పెళ్లి ఆగదు. ఆ వీడియో మాత్రం తరతరాలూ చూస్తారు.

బీమా, ఆర్‌సీ

బీమాకు థర్డ్ పార్టీ చాలు. 'జీరో డిప్' సాధారణంగా మొదటి ఐదేళ్లకే ఇస్తారు. ఆ వయసు ఎప్పుడో దాటిన మీ బండికి క్లెయిము వచ్చినా రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీల మీద సగం, పదేళ్లు దాటిన బండైతే ఇనుము మీద కూడా సగం కోసేస్తారు. ఈ బండిలో ప్లాస్టిక్ కానిదేముంది? పైగా ఐదేళ్లు దాటిన బండి విలువ మీరూ కంపెనీ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. పూర్తి బీమా తీసుకోక తప్పకపోతే, ప్రీమియం తగ్గుతుందని విలువ ఎంత తక్కువ వేస్తే అంత తక్కువ వేయించుకోండి. బండి దొంగలెత్తుకుపోయిన రోజున వచ్చే డబ్బు కూడా ఆ తక్కువే.

ఆర్‌సీ మీద పదిహేనేళ్ల గడువు ఎప్పుడు పూర్తవుతుందో గుర్తు పెట్టుకోకండి. ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో పదివేలైంది. విదేశంలోనే తయారై వచ్చిన కారైతే ఎనభై వేలు. మీది పుణె దగ్గర చాకణ్‌లో బిగించిన బండా, జర్మనీ నుంచి నిండుగా దిగిన బండా అన్నది కొనేటప్పుడే ఆర్‌సీలో చూసుకుని ఉండొచ్చు. కానీ ఆ రోజు బావమరిది హారన్ కొట్టి చూశాడు కదా, అది చాలదా?

అమ్మేటప్పుడు

ఏదో ఒక రోజు అమ్ముతారు. ప్రకటనలో "డాక్టరుగారు వాడిన బండి, చిన్న సెన్సార్ పని తప్ప ఏమీ లేదు, కొత్త కారు బుక్ చేసినందున అమ్మకం" అని రాయండి. చూడ్డానికి వచ్చేవాళ్లు రావడానికి పావుగంట ముందే స్టార్టు చేసి ఉంచండి, లేచి నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్లు మెకానిక్కును వెంట తెస్తే బండి అమ్ముడైపోయిందని చెప్పండి. బావమరిదిని తెస్తే కాఫీ ఇవ్వండి.

డబ్బు చేతికి రాగానే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇచ్చేయండి. బండి అమ్మిన సంగతి పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టంలో ఉన్నా, పీడ వదిలిందన్న సంతోషంలో మళ్లీ ఆ ఆఫీసు గుమ్మం తొక్కాలని ఎవరికనిపిస్తుంది? కొన్నవాడు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి అమ్ముకుంటూ పోతారు, ఆర్‌సీలో మాత్రం మీ పేరే ఉంటుంది. చలాన్లు మీ ఫోనుకే వస్తుంటాయి. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే పరిహారానికి బాధ్యుడు రిజిస్టరులో పేరున్న యజమానేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.